రెండేండ్ల గడువు: సైన్యానికీ బొక్కసానికీ నడుమ ఒక కట్టుబాటు

రాజ్యానికి అంగాలు ఏడు అని మన ప్రాచీన నీతిశాస్త్రవేత్తలు చెప్పినారు. స్వామి, అమాత్యుడు, జనపదం, దుర్గం, కోశం, దండం, మిత్రుడు అన్న ఆ వరుసలో కోశం తరువాతనే దండం వస్తుంది. కోశమంటే బొక్కసం, దండమంటే సైన్యం. బొక్కసం నిండుగా ఉంటేనే సైన్యం నిలుస్తుందన్న సత్యం కౌటిల్యునికి బాగా తెలుసు. అయితే ఆ శాస్త్రం ఊహించిన రాజ్యంలో ఆ రెండూ ఒకే రాజు చేతిలో ఉండేవి. వాటిని విడదీసి రెండు చేతులలో ఉంచితే ఏమవుతుంది? కత్తి పట్టినవానికి బొక్కసపు తాళపుచెవి దక్కకుండా చేస్తే ప్రజలకు మేలా, కీడా? ఈ ప్రశ్నకు సమాధానం వెతుకుతూ ఇంగ్లండూ, తరువాత అమెరికా సంయుక్త రాష్ట్రాలూ గడిపిన మూడు శతాబ్దాల చరిత్రయే ఈ ప్రసంగానికి విషయం.

సమస్య పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. శాసనసభ ప్రభుత్వానికి ధనం మంజూరు చేసేది సాధారణంగా ఏడాదికి ఒకసారి. కాని ఒక పెద్ద యుద్ధనౌకను నిర్మించడానికి ఐదారేండ్లు పడుతుంది. ఒక యుద్ధవిమానాన్ని ఊహించి, నమూనా గీసి, తయారుచేసి, దళాలకు అందించడానికి అంతకంటె ఎక్కువ కాలమే పట్టవచ్చు. కర్మాగారం యజమాని, "ఐదేండ్ల పని ఒక్కసారే అప్పగించండి, చౌకగా చేసి ఇస్తాను" అంటాడు. ఏటేటా లెక్క చూసే సభ, "రాబోయే సభ్యుల చేతులను మేము నేడే కట్టివేయవచ్చునా?" అని సందేహిస్తుంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. ఆ రెండు న్యాయాల నడుమ గీత ఎక్కడ గీయవలెనన్న వివాదం ఈనాటిది కాదు. దాని మూలాలు 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఉన్నవి.

ఆ శతాబ్దంలో ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ పార్లమెంటును పిలువకుండానే ధనం రాబట్టాలని చూచినాడు. 1628లో పార్లమెంటు ఆయనచేత హక్కుల విజ్ఞప్తికి అంగీకారం చెప్పించినది. సభ సమ్మతి లేనిదే పన్నులు వేయరాదనీ, ప్రజల ఇండ్లలో సైనికులను బలవంతంగా దింపరాదనీ దాని సారాంశం. రాజు మాట ఇచ్చినాడు గాని నిలుపుకొనలేదు. 1634 నుండి నౌకాధనం అన్న పేరుతో ఒక పన్ను వసూలు ప్రారంభమైనది. అంతకుముందు అది యుద్ధకాలంలో రేవుపట్టణాలు ఇచ్చుకొనే పన్ను. చార్లెస్ దానిని శాంతికాలంలో, సముద్రం మొగమెరుగని లోతట్టు జిల్లాలకు కూడ విస్తరింపజేసినాడు. జాన్ హాంప్‌డెన్ అనే పార్లమెంటు సభ్యుడు ఇవ్వనని ఎదిరించినాడు. వ్యాజ్యం పన్నెండుగురు న్యాయమూర్తుల ముందుకు వచ్చినది. ఏడుగురు రాజు పక్షం, ఐదుగురు హాంప్‌డెన్ పక్షం తీర్పు చెప్పినారు. రాజు గెలిచినాడు గాని, ఆ గెలుపే ఆయనకు చేటు తెచ్చినది. 1642లో అంతర్యుద్ధం వచ్చినది. 1649లో రాజు శిరస్సు తెగినది.

ఆ తరువాత జరిగినది పార్లమెంటుకు మరింత చేదైన పాఠం. రాజును ఓడించడానికి పార్లమెంటే సమకూర్చుకొన్న సైన్యం, 1653లో క్రామ్‌వెల్ నాయకత్వాన ఆ పార్లమెంటునే సభాభవనం నుండి వెళ్లగొట్టినది. రాజు చేతి కత్తే కాదు, తన చేతితో సానపట్టిన కత్తి కూడ తన కంఠానికే గురికావచ్చునని సభ తెలుసుకొన్నది. రాచరికం తిరిగి వచ్చిన పిమ్మట రెండవ జేమ్స్ శాంతికాలంలో పెద్ద సైన్యాన్ని పోషించి, లండను సమీపాన హౌన్‌స్లో మైదానంలో విడిది చేయించినప్పుడు ప్రజల గుండెలు ఝల్లుమనడానికి కారణం ఇదే.

1688 చివర జేమ్స్ దేశం విడిచి పారిపోయినాడు. మరుసటి ఏడు పార్లమెంటు రెండు పనులు చేసినది. మొదటిది హక్కుల చట్టం. పార్లమెంటు సమ్మతి లేనిదే శాంతికాలంలో స్థిరసైన్యాన్ని ఉంచడం శాసనవిరుద్ధమని అది ప్రకటించినది. రెండవది తిరుగుబాటు చట్టం. పేరు భయంకరంగా ఉన్నా, ఆ చట్టంలోని యుక్తి చాల సున్నితమైనది. సైన్యంనుండి పారిపోయిన సైనికుణ్ణిగాని, అధికారిపై తిరుగబడిన సైనికుణ్ణిగాని సైనిక న్యాయస్థానంలో శిక్షించే అధికారాన్ని ఆ చట్టం ఇచ్చినది. కాని స్వల్పకాలానికే ఇచ్చినది. గడువు తీరగానే ఆ అధికారమూ తీరిపోతుంది. కనుక రాజు సైన్యాన్ని క్రమశిక్షణలో ఉంచవలెనంటే మరల పార్లమెంటును పిలువక తప్పదు. జీతాలకు ధనం కావలెనన్నా ఆ సభనే అడుగవలె. సైన్యాన్ని రద్దుచేయకుండా, రాజును తిట్టకుండా, కేవలం ఒక గడువు పెట్టి సభ తన పని నెరవేర్చుకొన్నది. ఏటేటా సైనిక చట్టాన్ని పార్లమెంటు పునరుద్ధరించే ఆచారం, పేర్లు మారినా, కొద్ది విరామాలతో 1955 వరకు సాగినది. అటుపైన ఐదేండ్లకొకసారి కొత్త చట్టం చేసి, నడుమ ఏటేటా సభ ఆమోదం తీసుకొనే పద్ధతి వచ్చినది.

అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవలి ఒడ్డున ఉన్న ఆంగ్ల వలసలవారు ఈ చరిత్రను కథగా వినలేదు, అనుభవించినారు. బోస్టను నగరంలో తెల్లవారి ప్రభుత్వం దింపిన సైనికులకూ పౌరులకూ 1770 మార్చిలో ఘర్షణ జరిగి ఐదుగురు మరణించినారు. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటనలో రాజుపై మోపిన నేరాలలో, తమ శాసనసభల సమ్మతి లేకుండ శాంతికాలంలో స్థిరసైన్యాలను తమ నడుమ ఉంచినాడన్నది ఒకటి. కాబట్టి 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగం రచింప కూర్చున్నవారు సైన్యం మాట వచ్చినపుడల్లా రెండు భయాల నడుమ నలిగినారు. సైన్యం లేకపోతే పరాయివాని భయం. ఉంటే సొంతవాని భయం.

ఆ ఏడు సెప్టెంబరు 5వ తేదీన ఒక ఉపసంఘం సభ ముందు ఒక సూచన ఉంచినది. సైన్యాలను సమకూర్చి పోషించే అధికారం కాంగ్రెసుకు, అనగా ఆ దేశపు శాసనసభకు, ఉండవచ్చును. కాని ఆ పనికై చేసే ధన మంజూరు ఏదీ రెండేండ్లకు మించిన కాలానికి ఉండరాదు. మసాచుసెట్స్ ప్రతినిధి ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ దీనికి అభ్యంతరం చెప్పినాడు. ఏడాదికి బదులు రెండేండ్లు ఎందుకని ఆయన వాదం. కనెక్టికట్ ప్రతినిధి రోజర్ షెర్మన్ సమాధానం చెప్పినాడు. రెండేండ్లన్నది పైగడువే గాని, రెండేండ్లకూ ఇచ్చి తీరవలెనన్న విధి కాదు. ప్రతినిధుల సభకు రెండేండ్లకొకసారి ఎన్నికలు జరుగుతవి కనుక ఆ గడువు దానికి సరిపోతుంది అని ఆయన భావం.

ఈ సరిపోలికయే ఆ నిబంధనకు ప్రాణం. ప్రతి కొత్త ప్రతినిధుల సభా, అనగా కొత్తగా ఓట్లు వేసిన ప్రతి ప్రజాసమూహమూ, సైన్యం ఉండవలెనా, ఎంత ఉండవలెనన్న ప్రశ్నను మరల తన ముందుకు తెచ్చుకొనవలె. పాత సభ ఇచ్చిన మాట కొత్త సభను బంధించరాదు. అలెగ్జాండర్ హామిల్టన్ 1787 డిసెంబరులో పత్రికలలో వ్రాసిన వ్యాసాలలో ఈ నిబంధనను గట్టిగా సమర్థించినాడు. కనీసం రెండేండ్లకొక పర్యాయం సభ బహిరంగంగా చర్చించి, ఓటు వేసి, తన ఓటర్ల ముందు నిలబడక తప్పదన్నది ఆయన వాదానికి ఆయువుపట్టు.

ఇక్కడ ఒక విశేషం గమనింపవలె. రాజ్యాంగంలో దాని వెంటనే వచ్చే నిబంధన నౌకాదళాన్ని గురించినది. దానిలో గడువు మాటే లేదు. నౌకలు దేశాన్ని బయటి శత్రువునుండి కాపాడగలవే గాని ప్రజల స్వేచ్ఛమీదికి తిరుగలేవని జేమ్స్ మాడిసన్ వ్రాసినాడు. గుర్రపుదళం నగరవీధిలో కవాతు చేయగలదు; నౌక చేయలేదు. ఆనాటివారి భయం ఆయుధం మీద కాదు, ఆయుధం పట్టిన మనిషి మీద. ఈ భేదమే నూరేండ్ల తరువాత న్యాయవేత్తలకు ఆధారమైనది.

నౌకలకు గడువు లేకపోయినా, వాటిని కట్టించడంలో సభ జాగ్రత్త విడువలేదు. 1794 మార్చిలో ఆరు యుద్ధనౌకల నిర్మాణానికి కాంగ్రెసు చట్టం చేసినది. ఆఫ్రికా ఉత్తరతీరంలోని అల్జీర్స్ నౌకలు అమెరికా వర్తకనౌకలను పట్టుకొని, నావికులను బందీలుగా చేస్తూ ఉండడమే దీనికి కారణం. ఆరు నౌకలనూ ఆరు రేవులలో కట్టడానికి ఏర్పాటు చేసినారు. ఆ ఏడు జూన్‌లో 6,88,888 డాలర్ల పైచిలుకు ధనం మంజూరైనది. అయితే ఆ చట్టం చివర సభ ఒక షరతు పెట్టినది: అల్జీర్స్‌తో సంధి కుదిరితే నిర్మాణం అక్కడికక్కడ ఆగిపోవలె.

సంధి నిజంగానే కుదిరినది. 1795లో ఒడంబడిక జరిగినది. 1796లో సెనేటు దానిని ఆమోదించినది. అప్పటికి ఒక్క నౌకయూ పూర్తికాలేదు. జార్జియా తీరాన అడవులనుండి రావలసిన గట్టి ఓక్ కలప ఆలస్యమైనది. ఖర్చు అంచనాలు మించినవి. పని హఠాత్తుగా ఆపితే దేశానికి నష్టమని అధ్యక్షుడు వాషింగ్టన్ కాంగ్రెసుకు తెలిపినాడు. చేరిన కలప ఏమి కావలె? పనివాండ్రు ఎక్కడికి పోవలె? సభ ఆలోచించి, ఆరింటిలో మూడింటిని పూర్తిచేయడానికి అనుమతించినది. ఆ మూడూ 1797లో నీటిలో దిగినవి. వాటిలో కాన్‌స్టిట్యూషన్ అనే నౌక నేటికీ బోస్టను రేవులో తేలుతూనే ఉన్నది. తక్కిన మూడింటి పని తరువాత ఫ్రాన్సుతో కలహం వచ్చినప్పుడుగాని తిరిగి సాగలేదు. సగంలో ఆపే హక్కు సభకు ఉండడం ఎంత అవసరమో, ఆ హక్కును వాడుకొనడం ఎంత ఖరీదైనదో ఈ మొదటి ఉదంతంలోనే తేటపడినది.

తరువాతి దశాబ్దాలలో తగవు మరొక రూపం దాల్చినది. ప్రభుత్వ శాఖలు, అందులోనూ సైనిక శాఖ, సభ ఇచ్చిన ధనాన్ని ఏడాది ముగియకముందే ఖర్చుచేసి, లేదా ఇవ్వని ధనానికి కంట్రాక్టులు వ్రాసి, ఆపైన సభ ముందుకు వచ్చి చేయి చాచడం అలవాటు చేసుకొన్నవి. సరుకు వచ్చినది, సైనికులు తిన్నారు, తొడిగినారు. వర్తకుడు బాకీకోసం వాకిట నిలిచినాడు. ఇప్పుడు సభ కాదంటే ప్రభుత్వం మాట పోతుంది. ఔనంటే సభ అధికారం పోతుంది. ఈ పద్ధతిని అరికట్టడానికి 1820లో ఒక చట్టం వచ్చినది. చట్టంవల్ల అనుమతిగాని, సరిపడిన మంజూరుగాని లేనిదే మంత్రులు కంట్రాక్టు చేయరాదని అది శాసించినది. 1861 నాటి చట్టం ఆ నియమాన్నే మరల స్థిరపరచినది. అయితే సైన్యానికీ నౌకాదళానికీ కావలసిన తిండి, బట్ట, గుర్రాల మేత, వంటచెరకు, బస, రవాణాలకు మాత్రం మినహాయింపు ఇచ్చి, అదికూడ ఆ ఏటి అవసరానికి మించరాదన్నది. సరిహద్దు కోటలో సైనికుడు ఆకలితో ఉండగా, సభ కొలువుతీరేదాక ఆగుమనడం ఎవరికి సాధ్యం? 1870లో ఇంకొక చట్టం, ఒక ఆర్థిక సంవత్సరంలో మంజూరుకు మించి ఖర్చు చేయడాన్నీ, మించిన కంట్రాక్టులు చేయడాన్నీ నిషేధించినది. 1905, 1906 సంవత్సరాలలో దానికి శిక్షలు చేర్చినారు. తప్పుచేసిన అధికారికి ఉద్యోగం పోవచ్చు, జరిమానా పడవచ్చు, చెరసాల కూడ ప్రాప్తించవచ్చు.

ఇట్లు రెండు కట్టుబాట్లు ఏర్పడినవి. ఒకటి రాజ్యాంగపు రెండేండ్ల గడువు. రెండవది, చేతిలో లేని ధనానికి మాట ఇవ్వరాదన్న చట్టపు నియమం. 20వ శతాబ్దం రాగానే కర్మాగారాల ఆయుధాలు వచ్చి ఆ మొదటి కట్టుబాటును పరీక్షించినవి.

1904లో ఒక ప్రశ్న వచ్చినది. తుపాకులు మొదలైన పరికరాల నిర్మాణంలో ఒకరి పేటెంటు హక్కును వాడుకొన్నందుకు ప్రభుత్వం ప్రతిఫలం చెల్లించవలసి ఉన్నది. ఆ చెల్లింపులు రెండేండ్లకు మించి సాగవచ్చును. అటువంటి ఒప్పందం రాజ్యాంగానికి విరుద్ధమా? సొలిసిటర్ జనరల్ హోయ్ట్ విరుద్ధం కాదని అభిప్రాయం ఇచ్చినాడు. రాజ్యాంగం గడువు పెట్టినది సైన్యాన్ని సమకూర్చడానికి, అచ్చమైన అర్థంలో పోషించడానికి ఇచ్చే ధనానికే గాని, ఆ సైన్యం వాడుకొనే సాధనాలకు కాదని ఆయన నిర్ణయం. మనిషి వేరు, మరఫిరంగి వేరు. మాడిసన్ నౌకను గురించి చెప్పిన భేదమే ఇక్కడ ఫిరంగికి అన్వయించినది.

1947లో అమెరికాలో వైమానికదళం ప్రత్యేకదళంగా ఏర్పడినది. రాజ్యాంగ కర్తలు భూమినీ, సముద్రాన్నీ ఎరుగుదురు. ఆకాశంలో ఎగిరే దళాన్ని ఊహించియుండరు. దానికి సైన్యపు గడువా, నౌకాదళపు స్వేచ్ఛయా? 1948లో అటార్నీ జనరల్ టామ్ క్లార్క్ 1904 నాటి అభిప్రాయాన్నే ఆధారంగా తీసుకొన్నాడు. విమానాలకై ఇచ్చే ధనం ఖర్చయ్యేదాక అందుబాటులో ఉండేటట్లు కాంగ్రెసును కోరడానికి చట్టరీత్యా అడ్డు లేదని చెప్పినాడు. దానితో ఆయుధాల కొనుగోలుకు సంబంధించినంతవరకు రెండేండ్ల గడువు పక్కకు తొలగినది. సైన్యం బలం సైనికుని చేతిలోనుండి యంత్రంలోకి మారుతున్న రోజులలోనే ఆ గడువు సైనికునికి మాత్రమే పరిమితమైనది. ఇది చరిత్రలోని ఒక వింత.

కాని సభ తన తాళపుచెవిని పారవేయలేదు. 1950 ప్రాంతపు దశాబ్దంలో పూర్తి నిధుల నియమాన్ని అమలులోకి తెచ్చినది. ఏ ఏట ఒక నౌకనుగాని, విమానాన్నిగాని కొనదలచితే, అది తయారయ్యేది ఎన్నేండ్లకైనా, దాని మొత్తం ఖరీదు ఆ ఏటనే సభ ముందు చూపి, మంజూరు పొందవలె. ఈ ఏడు నౌక అడుగుభాగానికి, వచ్చే ఏడు పైభాగానికి అని విడివిడిగా అడగరాదు. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. పునాదికి మాత్రమే డబ్బు చూపించి పని మొదలుపెడితే, గోడలు లేచిన తరువాత పైకప్పుకు డబ్బు లేదనగలవారెవరు? ఆ నిస్సహాయస్థితి తమకు కలుగకుండుటకే సభ్యులు ఈ నియమం పెట్టుకొన్నారు.

అయినా కర్మాగారం యజమాని వాదం మిగిలే ఉన్నది. పది విమానాలను పదిసార్లు కొంటే ప్రియం, ఒకేసారి బేరం చేస్తే నయం. ఇనుము, అల్యూమినియం పెద్దయెత్తున కొనవచ్చు. నిపుణులైన పనివాండ్రను ఏడు చివర పంపివేయనక్కరలేదు. కనుక 1960 తరువాత రక్షణమంత్రి మక్‌నమారా కాలంలో బహువత్సర కంట్రాక్టుల పద్ధతి ప్రబలినది. ఐదేండ్ల సరకుకు ఒకే బేరం. ధనం మాత్రం సభ ఏటేటా మంజూరు చేస్తుంది. నడుమ ఏ ఏడైనా సభ కాదంటే బేరం రద్దవుతుంది. అప్పుడు కంట్రాక్టరు ముందుగా పెట్టుకొన్న ఖర్చులకు ప్రభుత్వం పరిహారం ఇవ్వవలె. ఆ పరిహారానికి ముందే ఒక పైపరిమితి వ్రాసుకొంటారు.

ఆ దశాబ్దపు అనుభవం చేదుగా ముగిసినది. 1965లో లాక్‌హీడ్ కంపెనీకి సి-5ఎ అనే బ్రహ్మాండమైన రవాణా విమానాల పనిని రచననుండి తయారీ వరకు ఒకే మూటగా అప్పగించినారు. దరి తెలియని పనికి ధర ముందే కట్టినారన్నమాట. 1968 నవంబరులో వైమానికదళ శాఖ ఉద్యోగి ఎర్నెస్ట్ ఫిట్జ్‌జెరాల్డ్ సెనేటరు ప్రాక్స్‌మైర్ అధ్యక్షతనున్న ఉపసంఘం ముందు సాక్ష్యమిస్తూ, ఖర్చు అంచనాకంటె సుమారు 200 కోట్ల డాలర్లు పెరుగవచ్చునని ఒప్పుకొన్నాడు. మరుసటి ఏడు ఆయన ఉద్యోగమే రద్దయినది. విమానాల సంఖ్య 81కి తగ్గింది. 1969లోనే నౌకాదళం లిట్టన్ కంపెనీకి తొమ్మిది పెద్ద దాడినౌకల బహువత్సర కంట్రాక్టు ఇచ్చినది. రెండేండ్లకే వాటిని ఐదుకు తగ్గించవలసి వచ్చినది. కట్టని నాలుగు నౌకలకు కోట్లాది డాలర్ల పరిహారం మీద పడినది.

రాని నౌకకు వెల చెల్లించడం సభ్యులకు మింగుడుపడలేదు. 1972లో చేసిన చట్టంలో, పరిహారపు పైపరిమితి 50 లక్షల డాలర్లు దాటే బహువత్సర కంట్రాక్టును సభ ముందస్తు అనుమతి లేనిదే చేయరాదని శాసించినారు. పెద్ద ఆయుధాలకు ఆ పరిమితి ఏ మూలకూ చాలదు. ఫలితంగా దాదాపు పదేండ్లపాటు పెద్ద కొనుగోళ్లలో ఆ పద్ధతి మూలపడినది.

1981 డిసెంబరు నాటి చట్టం మరల ద్వారం తెరచినది. కాని కాపలా పెట్టి తెరచినది. పరిమితిని 10 కోట్ల డాలర్లకు పెంచి, అది దాటితే ముందుగా సభకు తెలుపవలెనన్నారు. అంతకంటె ముఖ్యమైనవి తక్కిన షరతులు. కంట్రాక్టు ఐదేండ్లకు మించరాదు. ఏటేటా కొనడంకంటె ఖర్చు తగ్గుతుందని చూపవలె. ఆ వస్తువు అవసరం స్థిరమై ఉండవలె. దాని నమూనా స్థిరమై ఉండవలె. వెల అంచనా నమ్మదగినదై ఉండవలె. సి-5ఎ నేర్పిన పాఠమే ఇక్కడ చట్టమైనది. దరి తెలిసిన పనికే దీర్ఘకాలపు బేరం. ఈ చట్టం క్రింద మొదటి పెద్ద కంట్రాక్టులలో ఒకటి ఎఫ్-16 యుద్ధవిమానాలది. నాలుగేండ్ల కాలానికి 480 విమానాలు. తరువాత మరొక కాపలా చేరినది. 50 కోట్ల డాలర్లు మించిన బహువత్సర కంట్రాక్టును సభ ప్రత్యేకంగా చట్టంలో పేర్కొని అనుమతించవలె.

ఆ పద్ధతి క్రిందనే వర్జీనియా తరగతి జలాంతర్గాములు ఏండ్ల తరబడి తయారవుతున్నవి. 2014 ఏప్రిల్‌లో పది జలాంతర్గాములకు చేసిన ఒక్క కంట్రాక్టు విలువ 1,760 కోట్ల డాలర్లు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంవల్ల ఫిరంగిగుండ్ల నిలవలు తరిగినప్పుడు, వాటినికూడ బహువత్సర కంట్రాక్టులపై కొనడానికి ఆ ఏడు డిసెంబరులో కాంగ్రెసు అనుమతించినది. నిలకడగా కొంటామన్న హామీ లేనిదే కొత్త కర్మాగారం ఎవరు కడతారన్నది అప్పటి వాదం. అది కాదనలేని వాదమే. కాని పరిహారం ఎంత పెద్దదైతే, రాబోయే సభకు కాదనే స్వేచ్ఛ అంత చిన్నదవుతుంది. బేరంలో మిగిలిన డబ్బు లెక్కలో కనిపిస్తుంది. కోల్పోయిన స్వేచ్ఛ ఏ లెక్కలోనూ కనిపించదు. అందుకే ఆ లెక్కను సభ తానే చూచుకొనవలె.

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. మన రాజ్యాంగంలోని 114వ, 266వ అధికరణాల ప్రకారం, చట్టపూర్వకమైన మంజూరు లేనిదే సంచితనిధినుండి ఒక్క రూపాయి తీయరాదు. ఆ మంజూరు ఏడాదికే. మార్చి 31వ తేదీన ఖర్చుకాని ధనం మురిగిపోతుంది. విమానాలకూ నౌకలకూ చేసిన దీర్ఘకాలపు ఒప్పందాల వాయిదాలను ఏటేటా బడ్జెటులో చూపి, పార్లమెంటు ఓటు పొందవలె. ఏడు చివర మురిగిపోని ఒక ప్రత్యేకనిధిని రక్షణ ఆధునికీకరణకు ఏర్పరచవలెనని 15వ ఆర్థిక సంఘం సిఫారసు చేసినది. 2021లో ఆ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చినది. సైన్యానికి నిలకడ కావలెనా, సభకు పట్టు కావలెనా అన్న పాత ప్రశ్నయే ఆ సిఫారసు వెనుక ఉన్నది.

రెండింటిలో ఒక్కదాన్ని ఎన్నుకొనవలసిన పని లేదని గడచిన మూడు శతాబ్దాలు చెబుతున్నవి. 1689 నాటి పార్లమెంటు సైన్యాన్ని తీసివేయలేదు, గడువు పెట్టినది. 1794 నాటి కాంగ్రెసు నౌకలు వద్దనలేదు. ఆపే హక్కు ఉంచుకొన్నది. 1981 నాటి సభ దీర్ఘకాలపు బేరాన్ని నిషేధించలేదు, అవసరం రుజువుచేయమన్నది. గడువు కొంచెం పొడుగైనా, కొంచెం పొట్టిదైనా అది సర్దుకొనదగిన విషయమే. గడువు తీరిన రోజున, ప్రజలెన్నుకొన్నవారు మరల కూర్చుండి, లెక్క అడిగి, ఔననో కాదనో నోరు తెరచి చెప్పగలుగుతున్నారా అన్నదే అసలు ప్రశ్న. పన్ను చెల్లించే గృహస్థు తన ప్రతినిధిని అడుగవలసిన ప్రశ్నయు అదే.